విమానం కంటే ముందు మూసుకొనే తలుపులు

రాత్రి పది గంటలు దాటిన తరువాత శంషాబాదు విమానాశ్రయంలో బయలుదేరే ద్వారాల ముందు కాసేపు నిలబడితే మన జిల్లాలు ఎన్నో అక్కడే కనబడతాయి. ఒక బండిలో నుండి కోనసీమ మాట వినబడుతుంది, దాని వెనుక బండిలో నుండి జగిత్యాల మాట. తాడు బిగించి కట్టిన అట్టపెట్టెల మీద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు రాసి ఉంటాయి. ఒక తల్లి కొడుకు చొక్కా కాలరు మూడోసారి సరిచేస్తుంది. గల్ఫుకు వెళ్తున్న భార్య చేతుల్లో నుండి చంటిబిడ్డను భర్త తీసుకోలేక తీసుకొంటాడు. అద్దాల తలుపు దగ్గర నిలబడిన సి.ఐ.ఎస్.ఎఫ్. జవాను టిక్కెట్టు, పాస్‌పోర్టు చూసి ప్రయాణికుణ్ణి ఒక్కణ్ణే లోపలికి పంపుతాడు. వెంట వచ్చిన తొమ్మిది మంది ఇవతలే ఆగిపోతారు.

ఒకప్పుడు విమానం అంటే మన పల్లెల్లో తల ఎత్తి చూసేది మాత్రమే. ఇప్పుడు విమానంతో పని పడని గ్రామ సంఘం అరుదు. ఒకరు బ్రతుకు తెరువు కోసం దుబాయి, కువైటు, మస్కటు వెళ్తున్నారు. ఒకరు కూతురి కాన్పు కోసం అమెరికా వెళ్తున్నారు. మరొకరు యెరూషలేము చూసి రావాలని పదేళ్ళుగా డబ్బు కూడబెట్టుకొంటున్నారు. అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: విమానాశ్రయానికి ఎంత ముందుగా వెళ్ళాలి?

దేశం లోపలి ప్రయాణానికి రెండు గంటలు, విదేశానికి మూడు గంటలు అన్నది అందరూ చెప్పే జవాబు. అది సరైనదే. అయితే ఆ గంటలు ఎందుకో తెలియకపోతే ఆ జవాబును మనం లెక్కచేయము. బస్సు స్టాండులో పది నిమిషాల ముందు చేరినా సీటు దొరుకుతుంది కదా, ఇక్కడ ఇంతసేపు కూర్చొని ఏమి చేస్తాము అనుకొంటాము. ఆ అనుకోవడమే ఎన్నో కుటుంబాల కొంప ముంచింది.

టిక్కెట్టు మీది గంట

టిక్కెట్టు మీద ఉన్న సమయం మనం విమానం ఎక్కే సమయం కాదు. విమానం కదిలే సమయం. అప్పటికి తలుపులన్నీ మూసుకొనిపోయి ఉంటాయి. రైలు కదులుతుండగా పరుగెత్తి పెట్టె పట్టుకొన్నవారు మనలో ఉన్నారు. ఆర్.టి.సి. డ్రైవరు చెయ్యి చూపిస్తే ఆపుతాడు. విమానానికి ఆ అవకాశం లేదు. ఇక్కడ తలుపులు ఒకదాని తరువాత ఒకటి, వెనుక నుండి ముందుకు మూసుకొంటూ వస్తాయి.

మొదటి తలుపు సామాను అప్పగించి బోర్డింగ్ పాసు తీసుకొనే కౌంటరు. విదేశీ ప్రయాణాలకు ఇది సాధారణంగా మూడు గంటల ముందు తెరుస్తారు, కొన్ని సంస్థలు ఇంకా ముందే తెరుస్తాయి. విమానం బయలుదేరడానికి గంట ముందు మూసివేస్తారు. కొన్ని సంస్థలు 75 నిమిషాల ముందే మూస్తాయి. దేశీయ ప్రయాణాలకు కూడా ఇప్పుడు చాలా సంస్థలు గంట ముందే మూస్తున్నాయి. మూసిన తరువాత విమానం కళ్ళెదుట నిలబడి ఉన్నా లాభం లేదు.

రెండవది ఇమ్మిగ్రేషన్. విదేశాలకు వెళ్ళేవారి పాస్‌పోర్టు, వీసా అక్కడ అధికారి చూసి ముద్ర వేస్తాడు. ఎక్కడికి వెళ్తున్నావు, ఏ పని మీద, ఎవరి దగ్గర అని అడగవచ్చు. మూడవది భద్రతా తనిఖీ. సెల్‌ఫోను, బెల్టు, జేబులోని చిల్లర అంతా ట్రేలో పెట్టాలి. ఆడవారికి తెర చాటున మహిళా సిబ్బంది తనిఖీ ఉంటుంది, భయపడవలసినది ఏమీ లేదు. నాలుగవది విమానం ఎక్కించే గేటు. అది సాధారణంగా 20, 25 నిమిషాల ముందు మూసుకొంటుంది. అక్కడికి నడవడానికే పది పదిహేను నిమిషాలు పట్టవచ్చు. మోకాళ్ళ నొప్పులు ఉన్న పెద్దవారికి చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు తీసుకొనేటప్పుడే చెప్పాలి.

ప్రతి తలుపు దగ్గర వరుస ఉంటుంది. ఒక్కొక్క వరుసకు అరగంట వేసుకొన్నా రెండు గంటలు గడిచిపోతాయి. మూడు గంటలు అని చెప్పడంలో ఉన్న లెక్క ఇదే. మొదటిసారి వెళ్ళేవారు, చదువు అంతగా రానివారు, చంటిపిల్లలతో వెళ్ళేవారు, గుంపుగా యాత్రకు వెళ్ళేవారు నాలుగు గంటలు పెట్టుకోవడం మంచిది. గుంపులో ఒకరి కాగితంలో తేడా వస్తే మిగిలినవారందరూ ఆగవలసి వస్తుంది. అయితే ఉదయం విమానానికి ముందు రోజు మధ్యాహ్నమే వచ్చి కూర్చొంటే కౌంటరు తెరవరు. అది అలసటే గాని సిద్ధపాటు కాదు.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?

అన్నిటికంటే ఎక్కువ మందిని దెబ్బ తీసేది గంట కాదు, తేదీ. గల్ఫు విమానాలు చాలావరకు అర్ధరాత్రి తరువాత, తెల్లవారకముందు బయలుదేరతాయి. టిక్కెట్టు మీద 15వ తేదీ, 00:40 అని ఉంటుంది. పల్లెలో మనకు 15వ తేదీ అంటే 15న సూర్యోదయం నుండి. రాత్రి అంటే ఆ పగటి తరువాత వచ్చే రాత్రి. కాబట్టి 15న పొద్దున్న స్నానం చేసి, ప్రార్థన చేసుకొని, మధ్యాహ్నం తీరికగా బయలుదేరతారు. విమానం అంతకుముందే, 14వ తేదీ రాత్రి పన్నెండు దాటాక 40 నిమిషాలకు వెళ్ళిపోయింది!

మన బైబిలు చదివేవారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. ఆదికాండము మొదటి అధ్యాయములో దినము సాయంకాలముతో మొదలవుతుంది. యూదులు ఈనాటికీ సూర్యాస్తమయం నుండే విశ్రాంతిదినాన్ని లెక్కిస్తారు. మన రైతు కోడికూతతో లెక్కిస్తాడు. విమాన సంస్థ అర్ధరాత్రి పన్నెండు గంటలతో లెక్కిస్తుంది. మూడు లెక్కలూ వాటి వాటి చోట సరైనవే. టిక్కెట్టు చేతిలో ఉన్నప్పుడు మాత్రం టిక్కెట్టు లెక్కనే పట్టుకోవాలి.

అందుచేత టిక్కెట్టు ఇంటికి రాగానే గోడ మీది క్యాలెండరులో విమానం వెళ్ళే తేదీ మీద కాదు, ఇల్లు వదలవలసిన తేదీ మీద గుర్తు పెట్టండి. 00 గాని 01, 02, 03 గాని మొదట ఉంటే అది ముందు రోజు రాత్రి ప్రయాణం అని ఇంట్లో అందరికీ చెప్పండి. టిక్కెట్టు మీది సమయాలు ఆయా ఊళ్ళ గడియారం ప్రకారం ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోండి. కువైటు గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక, దుబాయి గంటన్నర వెనుక.

వెనుక నుండి లెక్క

2008 మార్చి 22 వరకు హైదరాబాదు విమానాలు బేగంపేట నుండి వెళ్ళేవి. సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి ఆటో ఎక్కితే కాసేపటిలో చేరేవారు. మార్చి 23 నుండి విమానాలు శంషాబాదుకు మారాయి. సికింద్రాబాదు నుండి అక్కడికి 30 కిలోమీటర్లకు పైనే. 2009లో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పై వంతెన రోడ్డు తెరిచాక ఆ వైపు నుండి ప్రయాణం సులువైంది గాని, మెహదీపట్నం చేరేవరకు నగరపు రద్దీ మామూలే. బేగంపేట రోజుల్లో వెళ్ళివచ్చిన పెద్దలు చెప్పే లెక్క ఇప్పటికి పనికిరాదు. ఆర్.టి.సి. పుష్పక్ బస్సులు నగరంలో పలుచోట్ల నుండి విమానాశ్రయానికి నడుస్తున్నాయి.

లెక్క ఎప్పుడూ చివరి నుండి మొదలుపెట్టాలి. అమలాపురం నుండి ఒక సహోదరి కువైటు వెళ్ళాలి, విమానం 15వ తేదీ తెల్లవారుజామున 4:15కు అనుకొందాము. మొదటిసారి కాబట్టి నాలుగు గంటలు తీసివేయండి. అర్ధరాత్రి దాటి 12:15కు ఆమె ద్వారం దగ్గర ఉండాలి. అమలాపురం నుండి రావులపాలెం, విజయవాడ మీదుగా 440 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. భోజనానికి, టీకి ఆగుతూ కారులో తొమ్మిది గంటలు వేసుకొంటే మధ్యాహ్నం 3:15. దారిలో టైరు పంచరు కావచ్చు, వాన పడవచ్చు, టోల్ గేటు దగ్గర బండ్లు నిలిచిపోవచ్చు. దానికి రెండు గంటలు. అంటే 14వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకు బండి ఇంటి ముందు నుండి కదలాలి. ఈ నాలుగు పంక్తులు ఒక కాగితం మీద రాసుకొంటే సరిపోతుంది.

విజయవాడ రహదారి మీద వచ్చేవారు పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కితే నగరంలోకి వెళ్ళకుండానే శంషాబాదు చేరవచ్చు. సంక్రాంతికి ముందు, తరువాత ఈ రహదారి మీద పంతంగి టోల్ గేటు దగ్గర బండ్లు బారులు తీరడం ప్రతి ఏడూ చూస్తున్నదే. క్రిస్మసు సెలవులకు వచ్చి జనవరిలో తిరిగి వెళ్ళేవారు రెండు గంటలకు బదులు నాలుగు గంటలు కలుపుకోవాలి. ఆ నెలల్లో పొగమంచు కూడా ఉంటుంది. వీలైనవారు ముందు రోజే నగరంలో బంధువుల ఇంట దిగి, ఒక పూట విశ్రాంతి తీసుకోవడం మేలు.

ఇంట్లోనే గడపవలసిన గంటలు

విమానాశ్రయంలో పోగొట్టుకొనే సమయంలో సగం ఇంట్లో మిగుల్చుకోదగినదే. కౌంటరు పక్కన నేల మీద పెట్టె విప్పి, పచ్చడి సీసా తీయాలా, చీర తీయాలా అని కన్నీళ్ళు పెట్టుకొనేవారు అక్కడ తరచుగా కనబడతారు. దేశీయ ప్రయాణంలో సాధారణంగా 15 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోల సంచి ఉచితం. విదేశాలకు ఎంత అన్నది టిక్కెట్టు మీదే ఉంటుంది. కిరాణా కొట్టు కాటా మీద ముందు రోజే తూకం వేయండి. ఒక కిలో తక్కువగానే ఉంచండి.

పచ్చళ్ళు, నూనె వస్తువులు చేతి సంచిలో వద్దు, గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి. ఎండు కొబ్బరి చిప్పలలో నూనె ఎక్కువ, సులభంగా అంటుకొంటాయి, అందుచేత వాటిని తీసివేయిస్తారు. సెల్‌ఫోను పవర్ బ్యాంకు దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం గసగసాలు. మసాలా పొట్లంలో అమ్మ ప్రేమతో కట్టి ఇచ్చిన గసగసాలు యు.ఎ.ఇ.లో, సౌదీ అరేబియాలో నిషిద్ధం. అక్కడి చట్టం దానిని మత్తుపదార్థంగా చూస్తుంది. ఇది పెట్టె బరువుకు సంబంధించిన విషయం కాదు, జైలుకు సంబంధించిన విషయం. పక్కింటివారు, తెలిసినవారు ఇచ్చే పొట్లాలు విప్పి చూడకుండా పెట్టెలో వేయకండి. రోజూ వేసుకొనే మాత్రలతో పాటు డాక్టరు చీటీ ఉంచుకోండి.

కాగితాలన్నీ ఒకే కవరులో చేతిలో ఉండాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరు, టిక్కెట్టులో ఉన్న పేరు అక్షరం అక్షరం కలవాలి. బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో రాసిన పేరు ఒకటి ఉండడం మన కుటుంబాల్లో మామూలే గనుక దీనిని నెల ముందే చూసుకోవాలి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారిలో చాలామంది పాస్‌పోర్టుకు, గల్ఫు దేశాలతో కలిపి 18 దేశాలకు పని మీద వెళ్ళాలంటే వలస అనుమతి కావాలి. అలాంటి పాస్‌పోర్టు ఉన్న స్త్రీలకు 30 ఏళ్ళు నిండకుండా ఆ దేశాలలో పనికి అనుమతి లేదు. ఏజెంటు ‘విజిటు వీసా మీద వెళ్ళు, అక్కడ చూసుకొందాం’ అంటే నమ్మకండి. ఇమ్మిగ్రేషన్ బల్ల దగ్గర ఆపివేస్తే నాలుగు గంటల ముందు వచ్చినా ప్రయోజనం లేదు. ఆపకుండా దాటిపోతే అక్కడ ఇంకా పెద్ద ప్రమాదం.

వీడ్కోలు

ఆలస్యానికి ఎవరూ చెప్పని కారణం ఒకటి ఉంది. అది ప్రేమ. బయలుదేరే రోజు ఊళ్ళోవారంతా వస్తారు. మేనత్త భోజనం పెట్టనిదే వదలదు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేయాలి. బండి ఎక్కాక ఎవరో ఏదో మరచిపోయారని దిగుతారు. గంట గంటన్నర ఇట్టే వెళ్ళిపోతుంది. తీరా ద్వారం దగ్గరకు చేరేసరికి కన్నబిడ్డతో రెండు మాటలు మాట్లాడడానికి కూడా వ్యవధి ఉండదు. ఎంతో ప్రేమతో ఆలస్యం చేసి, చివరికి ఆ ప్రేమకే సమయం లేకుండా చేసుకొంటాము.

కనుక వీడ్కోలు ముందు రాత్రే ముగించండి. కుటుంబ ప్రార్థన, పెద్దల దీవెన, సంఘ కాపరి ప్రార్థన ముందు రాత్రి జరగనివ్వండి. 121వ కీర్తన ప్రయాణం వేళ చదవడం మన ఇళ్ళలో పాత అలవాటు. తీరికగా, అందరూ కూర్చొని చదవండి. విమానాశ్రయానికి ఇద్దరు ముగ్గురు వస్తే చాలు. ద్వారం ముందు బండి ఎక్కువసేపు ఆపనివ్వరు గనుక ఒకరు బండి దగ్గర, ఒకరు ప్రయాణికుని దగ్గర ఉండాలి.

ప్రయాణికుడు లోపలికి వెళ్ళగానే బండి తిప్పకండి. సామాను ఇచ్చేశాను, ఇమ్మిగ్రేషన్ అయిపోయింది, గేటు దగ్గర కూర్చొన్నాను అని ఫోను వచ్చేవరకు కింద ఆగండి. సామాను ఎక్కువై కొంత వెనక్కి ఇవ్వవలసి వచ్చినా, కాగితం తక్కువై ఇంటికి ఫోను చేయవలసి వచ్చినా మనవారు దగ్గరలో ఉన్నారన్న ధైర్యం లోపల ఉన్నవారికి పెద్ద బలం.

ఒకవేళ ఆలస్యమైతే సిగ్గుపడి వరుస చివర నిలబడకండి. విమాన సంస్థ సిబ్బందికి, ద్వారం దగ్గరి జవానుకు టిక్కెట్టు చూపించి నా విమానానికి సమయం అయిపోతున్నది అని చెప్పండి. చాలాసార్లు ముందుకు పంపిస్తారు. విమానం వెళ్ళిపోతే ఏడుస్తూ తిరిగి ఊరికి బయలుదేరకండి. వెంటనే ఆ సంస్థ కౌంటరుకు వెళ్ళి తరువాతి విమానం అడగండి. ఒకే టిక్కెట్టులో రెండో విమానం గాని తిరుగు ప్రయాణం గాని ఉంటే అవి రద్దు కాకుండా అక్కడే మాట్లాడుకోవాలి. టిక్కెట్టు డబ్బు పోయినా, అందులోని పన్నులు, విమానాశ్రయ రుసుములు అడిగి తిరిగి పొందే హక్కు ఉంది.

ముందుగా రావడం, విశ్వాసం

దేవుడు చూసుకొంటాడులే అని ఆలస్యంగా బయలుదేరడం విశ్వాసం కాదు. నోవహు వాన పడకముందే ఓడ కట్టాడు. ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానం (మత్తయి 25:1-13) మనకు బాగా తెలుసు. పదిమందికీ దివిటీలు ఉన్నాయి, పదిమందీ కునికి నిద్రించారు. తేడా అంతా ముందుగా చేసుకొన్న సిద్ధపాటులో ఉంది. తలుపు మూసిన తరువాత ఆ అయిదుగురు నూనె కొనుక్కొని రాకపోలేదు. వచ్చారు. కాని ఆలస్యంగా వచ్చారు. పెండ్లికుమారునికి వారి మీద పగ ఏమీ లేదు. తలుపుకు ఒక సమయం ఉంది, అంతే.

మనవారిలో గల్ఫు ప్రయాణం చాలావరకు అప్పు మీద నిలబడి ఉంటుంది. వీసాకు, టిక్కెట్టుకు బంగారం కుదువ పెడతారు, వడ్డీకి తెస్తారు. ఒక గంట ఆలస్యం ఒక కుటుంబాన్ని రెండేళ్ళు వెనక్కి నెట్టగలదు. ఆ గంటను కాపాడడం కూడా సంఘానికి చేతనైన సేవే. మన సంఘాలలో టిక్కెట్టు చదవగల యువకులు, యువతులు ఉన్నారు. ప్రయాణం ఉన్న కుటుంబం కోసం ఆదివారం ఆరాధనలో ప్రార్థన చేస్తాము. ఆ ప్రార్థన అయిన తరువాత వారిలో ఒకరు ఆ కుటుంబం పక్కన కూర్చొని, టిక్కెట్టు తెరచి, తేదీ చూసి, వెనుక నుండి లెక్కకట్టి, ఇల్లు వదలవలసిన రోజు, గంట ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి. పది నిమిషాల పని.